గుట్ట కింద ఎర్ర చెల్క: పై చెట్లు వాడిపోతున్నాయి, కింది చెట్లు పసుపెక్కుతున్నాయి

దేవరకొండ_చెల్క (సెప్టెంబరు 9)

అందరికీ నమస్కారం. దేవరకొండ వైపు మాకు నాలుగెకరాల పది గుంటల ఎర్ర చెల్క ఉంది. ఉత్తరాన గుట్ట, దక్షిణాన కుంట. గుట్ట అడుగు నుంచి కుంట దాకా ఒకటే వాలు. మా ఆయన లారీ నడుపుతారు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తారు. పొలం నేనూ మా అత్తమ్మా చూసుకుంటాం.

మూడేళ్ల కింద రెండున్నర ఎకరాల్లో బత్తాయి పెట్టాం. ఇరవై అడుగులకొక మొక్క, వరుసకు 18 చొప్పున 15 వరుసలు. డ్రిప్ ఉంది. మొక్కలు ఇచ్చిన ఆయన వచ్చి చూసి, "గుట్ట కింద ఎర్ర నేల, ఎంత వాన పడ్డా నీళ్లు నిలవవు, బత్తాయికి ఇంతకన్నా మంచి నేల లేదు" అన్నాడు. మేమూ అదే నమ్మాం.

ఇప్పుడు పరిస్థితి ఇది. గుట్ట వైపు ఎనిమిది వరుసల్లో ఎండాకాలం డ్రిప్ రెండు రోజులు ఆగితే చాలు, ఆకు ముడుచుకుపోతుంది. ఎంత నీళ్లిచ్చినా ఎటు పోతున్నాయో తెలియదు. కుంట వైపు చివరి ఐదు వరుసలది వేరే బాధ. ఆగస్టు వానల తర్వాత ఆకులు పసుపెక్కాయి, కొత్త చిగురు లేదు. పద్నాలుగు చెట్లకు మొదలు దగ్గర బంక కారుతోంది. రెండు చెట్లు చచ్చిపోయాయి. ఒకటి పీకి చూశాను. వేర్లు నల్లబడి ఉన్నాయి, వేలితో లాగితే పైతోలు తొడుగులా ఊడి వచ్చింది, లోపల సన్నని పుల్ల మిగిలింది. మురుగు వాసన. ఆ వాసన చేతికి సాయంత్రం దాకా పోలేదు.

ఇంకో మాట. పోయిన ఎండాకాలం నలభై ట్రాక్టర్ల చెరువు మట్టి తోలించాం. పైకి రాళ్లకు ట్రాక్టర్ ఎక్కదని డ్రైవర్ అంటే మొత్తం కింది వరుసల్లోనే పోయించాను. చెల్కకు చెరువు మట్టి మంచిదని అందరూ చెప్పేదే కదా.

భూసార పరీక్ష కూడా చేయించాను. పై నుంచి కింది దాకా ఎనిమిది చోట్ల మట్టి తీసి కలిపి ఇచ్చాం. ఉదజని సూచిక 6.8, సేంద్రియ కర్బనం 0.31 శాతం, భాస్వరం తక్కువ, జింక్ తక్కువ అని వచ్చింది.

ఒకే నేల, ఒకే బోరు నీళ్లు, ఒకే మొక్కలు. పైన ఒక తీరు, కింద ఒక తీరు ఎందుకు? రాత్రిపూట ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

---

నాంపల్లి_బత్తాయి (సెప్టెంబరు 9)

అక్కా, రిపోర్టులోనే జింక్ తక్కువ అని ఉంది. మన ఎర్ర నేలల్లో బత్తాయికి జింక్ లోపం మామూలే. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కిందా, ఆకు చిన్నదైందా చూడండి. అట్లుంటే కొత్త చిగురు మీద జింక్ సల్ఫేట్ స్ప్రే చేయాలి. మా దగ్గర అట్లనే తేరుకున్నాయి. బంక కారే చెట్లకు మాత్రం బెరడు గీకి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి, ఆలస్యం చేయొద్దు.

---

బాలానగర్_సీతాఫలం (సెప్టెంబరు 10)

అమ్మా, నేను భూసార పరీక్ష ప్రయోగశాలలో 28 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు పాలమూరు జిల్లాలో మా సొంత చెల్కలో సీతాఫలం, కంది చేసుకుంటున్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాంపల్లి తమ్ముడు చెప్పిన జింక్ లోపం ఉండే ఉంటుంది. కానీ ఒక పోషకం లోపం పదో వరుస దాటాక గీత గీసినట్టు మొదలవదు. ఇది వాలును బట్టి నడుస్తోంది. అంటే నీళ్ల సంగతి.

ముందు మీ నేల ఎట్లా పుట్టిందో చెప్తాను, అది తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. మీ గుట్టది గ్రానైట్ రాయి. మన తెలంగాణ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గుట్ట మీదికి వెళ్తే బండలు ఉల్లిపాయ పొరల్లా ఊడి ఉంటాయి, చూసే ఉంటారు. ఎండకు, వానకు, పగుళ్లలో దిగిన నీటికి రాయి అట్లా విడిపోతూ ముందు మొరం అవుతుంది, ఆ తర్వాత మట్టి అవుతుంది. రాయిలో ఉండే పలుగురాయి రవ్వ అరగదు, అది ఇసుకగా మిగులుతుంది. గులాబీ, తెలుపు రంగుల్లో కనిపించే ఫెల్‌స్పార్ మెల్లగా కుళ్లి బంకమన్ను అవుతుంది. నల్ల అభ్రకంలో ఉండే ఇనుము గాలి తగిలి తుప్పు పడుతుంది. మన చెల్క ఎరుపు ఆ తుప్పుదే.

రేపు పొద్దున గుప్పెడు మట్టి తీసుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, బంక పోయేదాకా కడిగి చూడండి. అడుగున మిగిలిన రవ్వలు వేళ్లకు గరుకుగా, అంచులు పదునుగా తగులుతాయి. వాగు ఇసుకైతే దొర్లి దొర్లి నున్నబడుతుంది. ఇది ఎక్కడి నుంచో కొట్టుకొచ్చింది కాదు, ఉన్నచోటే రాయి విరిగి అయింది. అందుకే రవ్వకూ రవ్వకూ మధ్య సందు ఎక్కువ, నీరు సరసర దిగిపోతుంది.

దిగిపోవడం మంచిదే, వేరుకు గాలి ఆడుతుంది. కాకపోతే నిల్వ తక్కువ. ఒకటిన్నర అడుగు చెల్కలో చెట్టుకు అందే నీరు దాదాపు 45, 50 మిల్లీమీటర్లు. రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకుందనుకోండి, పదో రోజుకు ఖాళీ. వాన ముఖం చాటేసి పది రోజులైతే చెల్కలో పైరు తల వాల్చేది అందుకే. అదే లోతు రేగడి దానికి రెట్టింపు దాకా పట్టి ఉంచుతుంది. పై ఎనిమిది వరుసలకు మీరు నీళ్లు తక్కువేమీ ఇవ్వడం లేదు. ఒక్కసారి ఇచ్చేది ఎక్కువైంది, వేరు అందుకోకముందే మొరంలోకి దిగిపోతోంది.

ఇక కింది భాగం. గ్రానైట్ గుట్ట దగ్గర ఎర్ర నేల అంతా ఒకటే నేల అనుకోవడం దగ్గరే మనం దెబ్బతింటాం. గుట్ట మొదట్లో గరుకు దుబ్బ, కొంచెం దిగితే ఎర్ర చెల్క, ఇంకా దిగితే బంక పెరుగుతుంది, చెరువు దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల నల్లరేగడి. పైనుంచి నీటితో పాటు సన్నని బంక, సున్నం అన్నీ కిందికే చేరతాయి. ఉద్యోగంలో ఉండగా పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాలు చూడటానికి వెళ్లాం. అక్కడ ఒకే ఆవరణలో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఉన్నాయి. 1972లో ఆ సంస్థ అక్కడ పెట్టినప్పటి నుంచి రెండింటి మీదా పనిచేస్తున్నారు. మన పొలాల్లోనూ అంతే, కొలత చిన్నది.

ఇంకో తప్పు కూడా జరిగింది, బాధపడకండి, చాలామంది చేసేదే. పై మట్టి, కింది మట్టి కలిపి ఇచ్చారు. వచ్చిన రిపోర్టు పైదీ కాదు, కిందిదీ కాదు.

ఇప్పుడు రెండు గుంతలు తీయించండి. ఒకటి మూడో వరుస పక్కన, ఇంకోటి పదమూడో వరుస పక్కన, మూడడుగుల లోతు. ఒక గోడ నిలువుగా చెక్కి ఎండ పడేలా ఉంచండి. పై నుంచి కిందికి రంగు ఎక్కడ మారిందో చూడండి. కింది దాకా ఒకే ఎరుపు ఉంటే ఆ నేలలో గాలి ఆడుతోందని అర్థం. బూడిద రంగు మచ్చలు, వాటి చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే అక్కడ ఏటా నీరు నిలుస్తోందని అర్థం. ఎండాకాలం తవ్వినా ఆ మచ్చలు పోవు. గుంత అడుగున ఇంకో చిన్న గుంత అడుగు లోతు తీసి ఒకసారి నీళ్లు పోసి ఇంకనివ్వండి. రెండోసారి నింపి గడియారం చూడండి. గంటకు రెండు మూడు అంగుళాలు దిగితే మంచి నేల. అంగుళం కూడా దిగకపోతే అనుమానించాలి.

చూసింది చూసినట్టు రాయండి. అప్పటిదాకా కింది ఐదు వరుసలకు డ్రిప్ ఆపేయండి.

---

బోరుబండి_కొండమల్లేపల్లి (సెప్టెంబరు 11)

మాది బోరు బండి అక్కా. ఇరవై ఏళ్లుగా మన ప్రాంతంలోనే తిరుగుతున్నా. మీ బోరుకు కేసింగ్, అంటే మెత్త నేల కూలకుండా దించే పైపు, ఎంత దిగిందో గుర్తుందా? కేసింగ్ ఎంత దిగితే అంత లోతు దాకా మొరం, మెత్త రాయి ఉన్నట్టు. ఒకే చేనులో ఒక మూల 60 అడుగులు దిగి, ఇంకో మూల 10 అడుగులకే గట్టి రాయి తగిలినవి ఎన్నో చూశా. పగుళ్లున్న చోట రాయి లోపలి దాకా కుళ్లుతుంది. పరుపు బండ ఉంటే నీరు దాని మీద జారి పక్కకు పోవాలి తప్ప లోపలికి దిగదు.

---

దేవరకొండ_చెల్క (సెప్టెంబరు 14)

సార్, గుంతలు తీయించాను. మీరు చెప్పినట్టు చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మూడో వరుస గుంత. పైన ఐదు అంగుళాలు లేత ఎరుపు, చేత్తో నలిపితే పొడి. తర్వాత ఒకటిన్నర అడుగు దాకా ముదురు ఎరుపు, తడిపి వేళ్ల మధ్య సాగదీస్తే కొంచెం రిబ్బన్‌లా సాగి తెగింది. అక్కడి నుంచి మొరం, మధ్యలో గులాబీ రాళ్లు. ఆ రాళ్లు చూడటానికి గట్టిగా ఉన్నాయి కానీ గోటితో గీకితే రాలుతున్నాయి. మూడడుగుల దగ్గర కూడా గడ్డపార దిగుతూనే ఉంది. వేర్లు మొరంలోకి కూడా పోయాయి, తెల్లగా ఉన్నాయి. నీళ్లు రెండోసారి పోస్తే పది అంగుళాలు రెండున్నర గంటల్లో ఇంకిపోయాయి.

పదమూడో వరుస గుంత. పైన నాలుగు అంగుళాలు నేను పోయించిన చెరువు మట్టి, ఎండి పగుళ్లు పట్టింది. దాని కింద అడుగు దాకా ఎరుపే. అందుకే పై నుంచి చూస్తే ఏ తేడా తెలియలేదు. అక్కడి నుంచి రంగు వెలిసిపోయింది. బూడిద రంగు మచ్చలు, పాత వేర్లు పోయిన సన్నని బొక్కల చుట్టూ నారింజ రంగు గీతలు. రెండున్నర అడుగులకు గడ్డపార ఖంగుమంది. మూల నుంచి మూల దాకా కొట్టించాను, అంతా ఒకటే బండ.

ఇందులో నీళ్లు పోసే పని పడలేదు. సాయంత్రం వదిలేసి వచ్చి పొద్దున చూస్తే జానెడు నీళ్లున్నాయి. రాత్రి వాన లేదు. దిగి చూస్తే గుట్ట వైపు గోడలో, బండకు సరిగ్గా పైన, మట్టి చెమట పట్టినట్టు మెరుస్తోంది. చేయి పెట్టాను. చల్లగా, సన్నగా, ఆగకుండా కారుతోంది.

మా అత్తమ్మను తీసుకొచ్చి చూపించాను. ఆమె గుంత గట్టు మీద కూర్చుని, "ఇది జాలు మడి కదనే" అంది. వానలు బాగా పడ్డ ఏడు మా మామయ్య వాళ్ల నాయన ఇక్కడ బావి నీళ్లు లేకుండానే వరి పండించేవాడట. పైన ఆముదం, కంది వేసేవాళ్లట. తర్వాత మడి గట్లు చదును చేసి ఒకటే చేను చేశారు. నేను కాపురానికి వచ్చేసరికే చేను ఇట్లా ఉంది. మూడేళ్ల కింద మొక్కలు పెట్టేటప్పుడు ఆమెను ఒక్క మాట అడగలేదు. బత్తాయి సంగతి నాకేం తెలుసని ఆమె కూడా ఊరుకుంది.

బోరు అన్నా, పై బోరుకు కేసింగ్ 55 అడుగులు. కుంట వైపు మామయ్య ఎప్పుడో వేసిన బోరు ఎండిపోయింది. దానికి ఒక్క పైపు కూడా పూర్తిగా దిగలేదని అత్తమ్మ అంటోంది.

---

బాలానగర్_సీతాఫలం (సెప్టెంబరు 15)

అమ్మా, మీ అత్తమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. జాలు అంటే అదే. గుట్ట మీద పడ్డ వాన మొరంలో దిగుతుంది, లోపల్లోపలే వాలు వెంట నడుస్తుంది, బండ పైకి లేచిన చోట దారి లేక వేరు దగ్గరికి వస్తుంది. మీ పై వరుసలు వదిలేసిన నీళ్లే కింది వరుసలను ముంచుతున్నాయి. దాని మీద నాలుగు అంగుళాల చెరువు మట్టి పడేసరికి పై నుంచి గాలి కూడా ఆగిపోయింది.

చెరువు మట్టి చెడ్డదని కాదు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టిని చెల్కలకు తోలుకొమ్మని రైతులందరికీ చెప్పింది నీరు నిలవని ఇసుక నేలలకు బంక అందాలనే. మీ పై ఎనిమిది వరుసలకు అది అమృతం. కిందికే చేటు.

చేయవలసింది ఇది. పదో వరుసకూ పదకొండో వరుసకూ మధ్య, వాలుకు అడ్డంగా కాలువ తీయించండి. బండ తగిలేదాకా తవ్వాలి. అర్ధాంతరంగా ఆపితే నీరు కాలువ కింది నుంచి దాటిపోతుంది. కాలువ అడుగు ఒక పక్కకు కొంచెం వాలుగా ఉంచి, పొలం అంచు వెంట కుంటలోకి కలపండి. గుట్ట రాళ్లు అడుగున పేర్చి పైన గులక, ఆ పైన మట్టి కప్పితే నడవడానికి అడ్డం ఉండదు. కొన్నాళ్లు తెరిచే ఉంచండి, నీరు ఎంత వస్తోందో కంటితో చూడటం అవసరం.

కింది చెట్ల మొదళ్ల చుట్టూ చెరువు మట్టి ఈ వారంలోనే లాగేయండి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోయి ఉంటే బంక తెగులు ఆగదు. ఆ మట్టిని తట్టలతోనైనా పై వరుసలకు చేర్చండి. కూలి ఖర్చు అనిపిస్తుంది, అయినా చేయండి.

డ్రిప్‌కు పైన ఒక వాల్వు, కింద ఒక వాల్వు వేరుగా పెట్టించండి. పై వరుసలకు ఒకేసారి గంట వదిలేది మాని పొద్దున అరగంట, సాయంత్రం అరగంట వదలండి. ఎరువు కూడా అంతే, ఏడాదికి రెండుసార్లు గుమ్మరిస్తే సగం మొరం పాలు. కొంచెం కొంచెం చాలాసార్లు వేయాలి. వచ్చే తొలకరికి వరుసల మధ్య జనుము చల్లి పూత దశలో కలియదున్నండి. జీలుగ వద్దు, అది తడి నేలకు బాగుంటుంది, ఈ దుబ్బకు జనుమే. దగ్గర్లో గొర్ల మంద ఉంటే పైన నాలుగు రాత్రులు మంద పెట్టించండి. 0.31 కర్బనం ఒక్క ఏడాదిలో పెరగదు, నా చేనులో మార్పు కంటికి కనపడటానికి ఆరేళ్లు పట్టింది.

చివరి రెండు వరుసల మీద నాకు ఆశ లేదు. ఉన్నమాట చెప్పాలి కదా. చచ్చిన చోట మళ్లీ బత్తాయి పెట్టకండి.

---

నాంపల్లి_బత్తాయి (సెప్టెంబరు 15)

సార్, నేను స్ప్రే అని తొందరపడి చెప్పాను. మా తోటలో కూడా కుంట పక్క పది చెట్లు ఎప్పుడూ నలతగానే ఉంటాయి. రేపే గుంత తీయిస్తా.

---

దేవరకొండ_చెల్క (నవంబరు 20)

అందరికీ చెప్పాలని మళ్లీ వచ్చాను. కాలువ తవ్వించాం. మధ్యలో ఒక చోట బండ నాలుగడుగులకు దిగిపోయింది. జేసీబీ అతను ఇక్కడ చాలు అన్నాడు, నేను ఒప్పుకోలేదు, బండ కనపడేదాకా తీయించాను. ఆ చోటు నుంచే ఎక్కువ నీరు వచ్చింది. అక్టోబరు మొదట్లో వాన పడ్డాక 19 రోజులు కాలువలో సన్నగా పారుతూనే ఉంది. వాటిని చూస్తూ నిలబడితే, మూడేళ్లుగా ఇవన్నీ వేర్ల మీద నుంచే పోయాయా అని కడుపు తరుక్కుపోయింది.

ఇంకో ఆరు చెట్లు పోయాయి, అన్నీ చివరి రెండు వరుసల్లోవే. పదకొండు, పన్నెండు వరుసల్లో మాత్రం కొత్త చిగురు వచ్చింది. లేత ఆకు, పూర్తి పచ్చ. పదమూడో వరుస ఇంకా ఎటూ తేలలేదు. పై వరుసలకు రెండు పూటలా నీళ్లిస్తున్నాం, మధ్యాహ్నం ఆకు ముడవడం తగ్గింది. పై మట్టి, కింది మట్టి వేరువేరుగా సంచుల్లో కట్టి పరీక్షకు ఇచ్చాను.

చివరి రెండు వరుసలు పీకేశాం. అత్తమ్మ నిన్న పార పట్టుకుని వెళ్లి, పాత మడి గట్టు ఎక్కడ ఉండేదో అడుగులు వేసి కొలిచి చూపించింది. ఆ గీత మీదే గట్టు పోయిస్తున్నాం. యాసంగికి నారు పోయడానికి ఆమె వడ్లు నానబెడతానంటోంది.